తక్కువ ఖర్చుతో ఇంటికి, పెరటికి మెరుగులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు చూడడానికి వచ్చినవారు అందాన్ని చూసి ధర పెంచడం అరుదు. అనుమానం వచ్చి ధర తగ్గించడం మాత్రం తరచుగా జరుగుతుంది. గోడ మీద ఒక చెమ్మ మరక, బిగుసుకుపోయి తెరుచుకోని ఒక కిటికీ, ఆగకుండా కారే ఒక కుళాయి కనిపించిందంటే, కంటికి కనిపించనివి ఇంకెన్ని ఉన్నాయోనన్న లెక్క వారి మనసులో మొదలవుతుంది. ఆ ఇంట్లో ఉంటున్నవారికి రోజూ చికాకు కలిగించేవీ సాధారణంగా ఇవే. అందువల్ల సౌకర్యం కోసం చేసే చిన్న మరమ్మతులకూ, అమ్మకపు విలువ కోసం చేసే పనులకూ మధ్య చాలామంది అనుకునేంత దూరం లేదు. కింది సమాధానాలన్నీ ఈ దృష్టితో రాసినవే.

చేతిలో ఉన్న డబ్బు తక్కువ. దేనితో మొదలుపెట్టాలి?

నీటితో మొదలుపెట్టాలి. పైకప్పు నుంచి దిగే నీరు, గొట్టాల నుంచి కారే నీరు, నేల నుంచి గోడలోకి ఎక్కే నీరు అదుపులోకి రాకముందు చేసిన ఏ పనీ నిలవదు. రంగు పొలుసులుగా లేస్తుంది, చెక్క ఉబ్బుతుంది, పలకల (టైల్స్) సందులు నల్లబడతాయి. నీటి తరువాత కరెంటు భద్రత, ఆ తరువాత వేడి, చలి, గాలి సంగతులు, అన్నిటికన్నా చివర రంగులు, అలంకరణ. చాలా ఇళ్లలో ఈ వరుస తలకిందులుగా సాగుతుంది. రంగు వేసిన మూడో నెలలో గొట్టం కోసం అదే గోడను పగలగొట్టే పరిస్థితి అలాగే వస్తుంది.

ఈ వరుసకు ఒకే మినహాయింపు చెట్లు. అవి పెరగడానికి ఏళ్లు పడుతుంది కనుక, నీడ కోసమో చాటు కోసమో నాటదలచిన మొక్కలను మిగతా పనులకన్నా ముందే నాటడం మేలు.

మంచి వాన కురుస్తున్న రోజున గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, నీరు ఎక్కడ పడుతోందో, ఎటు పారుతోందో, ఎక్కడ ఆగిపోతోందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. పైసా ఖర్చు లేని ఈ పరిశీలన చూపే లోపాలు ఎండలో ఎంత వెతికినా కనిపించవు.

గోడ మీద చెమ్మ మరక ఉంది. చెమ్మను ఆపే రంగు వేస్తే సరిపోతుందా?

సరిపోదు. మరక కొంతకాలం కనబడకుండా పోతుందే తప్ప చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోవడంతో అది మరో చోట, చాలాసార్లు ఇంకా పైకి ఎక్కి, బయటపడుతుంది. ముందు మూలాన్ని కనిపెట్టాలి. నేలను ఆనుకుని అడ్డంగా, దాదాపు ఒకే ఎత్తులో సాగే మరక అయితే నేల నుంచి ఎక్కుతున్న తేమను అనుమానించాలి. పైకప్పు మూలలోనో కిటికీ పైనో మొదలై కిందికి దిగే మరక అయితే వాన నీటిని అనుమానించాలి. వానకూ ఎండకూ సంబంధం లేకుండా ఏడాదంతా ఒకేచోట ఉండే మరక వెనుక గొట్టం ఉందేమో చూడాలి. గోడ మీద తెల్లటి పొడి తేలుతోందంటే, ఇటుకలోనూ సిమెంటులోనూ ఉన్న లవణాలను నీరు కరిగించి తెచ్చి, తాను ఆవిరై, వాటిని ఉపరితలం మీద వదిలిపోతోందని అర్థం. ఆ పొడిని పొడి బ్రష్‌తో దులపాలి. నీటితో కడిగితే లవణాలు మళ్లీ కరిగి లోపలికే పోతాయి.

తేమ గోడ లోపలి నుంచి వస్తోందా, గదిలోని ఆవిరి చల్లటి గోడ మీద నీరుగా మారుతోందా అన్న సందేహానికి ఒక సులువైన పరీక్ష ఉంది. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పరచి, నాలుగు అంచులనూ టేపుతో గట్టిగా మూసి, ఒక రోజు వదిలేయండి. కాగితం వెనుక, గోడ వైపు తడి కనిపిస్తే తేమ గోడలో ఉంది. గది వైపు తడి కనిపిస్తే అది గదిలోని ఆవిరి. రెండో సందర్భంలో గోడను తవ్వించడం వృథా ఖర్చే. కిటికీలు తెరవడం, గాలిని బయటికి పంపే ఫ్యాను బిగించడం, తడి బట్టలు గదిలో ఆరవేయకుండా ఉండడం వంటివే అక్కడ పరిష్కారం.

మూలం సరిచేసిన తరువాత కూడా గోడ పూర్తిగా ఆరడానికి వారాలు, మందపాటి గోడలైతే నెలలు పడుతుంది. కొత్తగా సిమెంటు పూత పూసిన చోట కనీసం నాలుగు వారాలు ఆగి రంగు వేయడం మంచిది.

ఇంటి చుట్టూ నీరు నిలవకుండా ఏమి చేయవచ్చు?

నేల వాలు ఇంటి నుంచి బయటికి ఉండాలి. మట్టి నేల అయితే గోడ నుంచి మొదటి 3 మీటర్ల దూరంలో సుమారు 15 సెంటీమీటర్ల పల్లం ఉండడం మంచి కొలత. గచ్చు చేసిన చోట మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు చాలు. స్థలం ఇరుకుగా ఉండి అంత వాలు రాని చోట, గోడకు దూరంగా లోతు తక్కువ కాలువ ఒకటి తీసి నీటిని మళ్లించవచ్చు. పైకప్పు నుంచి దిగే గొట్టం గోడ మొదట్లోనే నీటిని వదులుతుంటే, దానికి మరో ముక్క తగిలించి మీటరున్నరో రెండు మీటర్లో దూరంగా వదిలేలా చేయడం ఈ పేజీలో చెప్పిన పనులన్నింటిలోకీ బహుశా అతి చవకైనది. అది ఆపే నష్టం మాత్రం చాలా పెద్దది.

పూలపాదుల పేరుతో గోడకు ఆనించి మట్టి ఎత్తు పెంచడం చాలామంది చేసే పొరపాటు. బయటి మట్టి, లోపలి నేలమట్టం కన్నా కనీసం 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. లేకపోతే గోడ అడుగున తేమను ఆపడానికి వేసిన పొరను దాటి నీరు లోపలికి చేరుతుంది. చెదలకు కూడా అది దొంగదారి అవుతుంది.

కారే కుళాయి వల్ల నిజంగా అంత నష్టమా?

సెకనుకు ఒక చుక్క చొప్పున కారే కుళాయి రోజుకు 86,400 చుక్కలు వదులుతుంది. చుక్క పావు మిల్లీలీటరు అనుకున్నా, రోజుకు 21 లీటర్లకు పైగా నీరు పోతున్నట్టే. చాలా కుళాయిల్లో ఇందుకు కారణం అరిగిపోయిన ఒక చిన్న వాషరు మాత్రమే. ఫ్లష్ ట్యాంకు కారడం ఇంకా మోసకారి వ్యవహారం, ఎందుకంటే చప్పుడు లేకుండా కారుతుంది. ట్యాంకు నీటిలో ముదురు రంగు చుక్కలు కొన్ని వేసి, అరగంట పాటు ఎవరూ వాడకుండా చూడండి. కింది గిన్నెలో రంగు కనిపిస్తే లోపలి మూత మార్చాలి.

కుళాయి మూతికి గాలిని కలిపే జల్లెడ బిగిస్తే, నిమిషానికి పది లీటర్ల దాకా వచ్చే ధార ఐదారు లీటర్లకు తగ్గుతుంది. చేతులు, గిన్నెలు కడగడానికి ఆ తేడా తెలియదు. బకెట్లు నింపే కుళాయికి మాత్రం దీన్ని బిగించనక్కరలేదు. పట్టే నీరు అంతే, పట్టే సమయం మాత్రమే పెరుగుతుంది.

వేసవిలో ఇల్లు కాలిపోతోంది. ఏసీ కొనకుండా ఉపశమనం సాధ్యమా?

చాలావరకు సాధ్యమే. అయితే వేడి ఏ దారిన వస్తోందో ముందు తెలుసుకోవాలి. సమతలంగా ఉన్న పైకప్పు కింద నివసించేవారికి అసలు శత్రువు ఆ పైకప్పే. ముదురు రంగు పైకప్పు పగటి ఎండలో చుట్టూ ఉన్న గాలికన్నా ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. అదే పైకప్పుకు ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత వేస్తే ఉపరితలపు వేడి పాతిక డిగ్రీల సెల్సియస్‌కు పైగా తగ్గగలదు. గది లోపల తగ్గేది అంత ఉండదు, కానీ రాత్రి పడుకున్నప్పుడు పైనుంచి దిగే సెగ తగ్గడం మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. పూత వేసే ముందు పైకప్పును బాగా కడిగి, బీటలను పూడ్చి, పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము పేరుకున్న కొద్దీ తెలుపు పని తగ్గుతుంది కనుక ఏడాదికొకసారి కడుక్కోవాలి. చలి ఎక్కువ, వేసవి తక్కువ ఉండే ప్రాంతాల్లో మాత్రం ఈ పూత లాభం కన్నా నష్టమే తేవచ్చు, ఎందుకంటే చలికాలంలో ఉచితంగా వచ్చే వెచ్చదనాన్ని కూడా అది తిప్పిపంపుతుంది.

రెండో దారి కిటికీలు. ఎండను అద్దానికి బయటే ఆపాలి. లోపల ఎంత మందపాటి తెర వేసినా, అద్దం దాటి వచ్చిన వేడి అప్పటికే గదిలోకి చేరిపోయి ఉంటుంది. బయట కట్టిన వెదురు తడిక, గుడ్డ పందిరి, తీగ పాకిన చట్రం వంటివి అందుకే లోపలి తెరకన్నా బాగా పనిచేస్తాయి. తూర్పు, పడమర కిటికీలను ప్రత్యేకంగా చూసుకోవాలి. ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందికి ఉంటాడు కనుక కిటికీ పైన ఉండే సజ్జ ఆ దిక్కుల్లో ఏమాత్రం అడ్డుకోలేదు. అక్కడ నిలువుగా అడ్డు ఉండాలి. పడమటి కిటికీకి కొంత దూరంలో ఆకు రాల్చే చెట్టు ఒకటి ఉంటే, వేసవిలో నీడనిచ్చి చలికాలంలో ఎండను లోపలికి వదులుతుంది.

మూడోది గాలి. ఎదురెదురుగా రెండు కిటికీలు తెరిచినప్పుడు, గాలి వచ్చే వైపు సందు చిన్నదిగా, పోయే వైపు పెద్దదిగా ఉంటే లోపల గాలి వేగం పెరుగుతుంది. రాత్రి బయటి గాలి చల్లబడ్డాక కిటికీలు తెరిచి, ఉదయం ఎండ ఎక్కకముందే మూసేయడం మందపాటి గోడలున్న ఇళ్లలో బాగా ఫలిస్తుంది. ఇక ఫ్యాను గాలిని చల్లబరచదు. ఒంటి మీది చెమటను ఆర్పడం ద్వారా రెండు డిగ్రీలు తగ్గినంత హాయి కలిగిస్తుంది. కాబట్టి మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాను వల్ల ఖర్చే తప్ప ఫలితం లేదు. పాత సీలింగ్ ఫ్యాన్లు 70 నుంచి 75 వాట్లు తీసుకుంటే, బ్రష్ లేని డీసీ మోటారు ఉన్న కొత్తవి 30 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటాయి. రోజుకు చాలా గంటలు తిరిగే ఫ్యానునే ముందు మార్చాలి, అతిథుల గదిలోది తరువాత చూసుకోవచ్చు.

చలి ప్రాంతంలో ఉన్నవారికి ఇదే సలహానా?

వరుస మారుతుంది. అక్కడ మొదటి పని సందులు మూయడం. 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు కింద 3 మిల్లీమీటర్ల సందు ఉందంటే, గోడకు ఒక్కో వైపు సుమారు ఐదు సెంటీమీటర్లుండే చదరపు కన్నం పెట్టినట్టే లెక్క. తలుపు, కిటికీ రెక్కల మధ్య సన్నని కాగితం పెట్టి మూసి లాగితే, సులువుగా జారివచ్చిన చోటల్లా రబ్బరు పట్టీ అవసరం. ఆ తరువాత పైకప్పు కింద ఉష్ణనిరోధక పొర వేసుకోవాలి. మొదటి కొన్ని సెంటీమీటర్ల మందమే ఎక్కువ వేడిని ఆపుతుంది. అదే మందాన్ని రెట్టింపు చేస్తే, మిగిలి ఉన్న నష్టంలో సగమే అదనంగా ఆగుతుంది. ఖాళీగా ఉన్న చోట పలుచగానైనా వేయడం, ఇప్పటికే ఉన్నచోట మరింత వేయడం కన్నా లాభం.

ఒక హెచ్చరిక: గ్యాసు, కట్టెలు, బొగ్గు ఏదైనా మండే గదిలో గాలి వచ్చే దారులన్నీ మూసేయకూడదు. ప్రాణవాయువు చాలక సరిగా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అది ప్రాణాంతకం. అటువంటి ఇళ్లలో ఆ వాయువును పసిగట్టే అలారం తప్పనిసరి.

రోడ్డు శబ్దం తగ్గించడానికి మందపాటి తెరలు చాలవా?

చాలవు. తెరలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి, బయటి శబ్దాన్ని అంతగా ఆపవు. గాలి దూరే సందులోంచే శబ్దమూ దూరుతుంది. పై సమాధానంలో చెప్పిన రబ్బరు పట్టీలే ఇక్కడా ముందు మందు.

వెలుతురు విషయంలో చిన్న మార్పులతో పెద్ద తేడా వస్తుందా?

వస్తుంది. ముందు కిటికీ అద్దాలు కడిగి, అడ్డంగా పెరిగిన కొమ్మలు కత్తిరించి, కిటికీకి అడ్డుపడిన బీరువా జరపండి. అప్పుడు ఇంకా ఎంత దీపం కావాలో తెలుస్తుంది. ఎల్ఈడీ బల్బు కొనేటప్పుడు వాట్లు కాకుండా ల్యూమెన్లు చూడాలి. పాత 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగు సుమారు 800 ల్యూమెన్లు. అంత వెలుగు 8 నుంచి 10 వాట్ల ఎల్ఈడీతో వస్తుంది. రంగు విషయానికి వస్తే, పడకగదికీ కూర్చునే గదికీ 2700 నుంచి 3000 కెల్విన్ల (వెలుగు ఛాయను చెప్పే కొలత) పసుపు ఛాయ, వంటగట్టుకూ చదువుకునే బల్లకూ 4000 కెల్విన్ల తెలుపు నప్పుతాయి. ఒకే గదిలో రెండు మూడు ఛాయల బల్బులు కలిపి వాడితే, ఎంత మంచి రంగు వేసిన గది అయినా అతుకులబొంతలా కనిపిస్తుంది.

గది మధ్యలో ఒకే పెద్ద దీపం కన్నా, పని జరిగే చోట చిన్న దీపం ఉండడం మేలు. వంటగట్టు పైన అలమరల అడుగున బిగించే సన్నని దీపపు పట్టీ ఇందుకు మంచి ఉదాహరణ. మనిషి నీడ కత్తిపీట మీద పడకుండా అది కాపాడుతుంది.

వంటగదిని పూర్తిగా మార్చే స్తోమత లేదు. ఏమి చేస్తే ఫలితం ఉంటుంది?

పూర్తిగా మార్చనవసరం లేకపోవడమే సాధారణం. అలమరల డబ్బాలు దృఢంగా ఉంటే తలుపులు మాత్రం మార్చడమో, వాటికే రంగు వేయడమో చేయవచ్చు. రంగు నిలవాలంటే ముందు జిడ్డు వదిలేలా కడిగి, సన్నని ఉప్పుకాగితంతో రుద్ది, పట్టు ఉండే ప్రైమర్ వేయాలి. నునుపైన లామినేట్ మీద నేరుగా వేసిన రంగు గోటితో గీకితే ఊడివస్తుంది. పిడులు మార్చేటప్పుడు పాత రంధ్రాల మధ్య దూరం కొలుచుకుని వెళ్లండి. 96, 128 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపించే కొలతలు. అదే కొలత దొరికితే కొత్త రంధ్రాలు చేసే పని, పాతవి పూడ్చే పని రెండూ తప్పుతాయి. వాలిపోయిన తలుపులకు బందుల మరలు బిగిస్తేనే చాలావరకు సరిపోతుంది. ఈ ఒక్క పనికి పట్టేది స్క్రూడ్రైవరు, ఒక మధ్యాహ్నం.

పొగను, ఆవిరిని బయటికి పంపే ఫ్యాను సరిగా పనిచేస్తోందో లేదో చూడడం మరవకూడదు. ఇల్లు చూడవచ్చినవారు పాత నూనె వాసనను గడపలోనే పసిగడతారు. ఆ ఇంట్లో ఉండేవారికి మాత్రం అది అలవాటైపోయి తెలియదు. బయటివారిని ఎవరినైనా పిలిచి నిజం చెప్పమని అడగడమే దీనికి మార్గం.

స్నానాల గది సంగతి?

పలకలు మార్చకుండానే వాటి సందుల్లోని పాత పూతను గీకి కొత్తది నింపితే గది వయసు సగం తగ్గుతుంది. గోడకూ గచ్చుకూ మధ్య, బేసిన్ చుట్టూ సందులు మూయడానికి పూసిన సిలికాన్ నల్లబడితే దాని మీదే మరో పూత వేయకూడదు. పాతదాన్ని పూర్తిగా తీసి, ఆరబెట్టి, కొత్తది పూసి, ఒక రోజు తడి తగలకుండా చూడాలి. సిలికాన్ మీద రంగు పట్టదు. రంగు వేయవలసిన చోట యాక్రిలిక్ రకం వాడాలి.

బూజుకు అసలు మందు గాలి ఆడడమే. 5 చదరపు మీటర్ల వైశాల్యం, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 12.5 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అది గంటకు ఎనిమిది సార్లు మారాలంటే గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని తోసే ఫ్యాను కావాలి. అయితే ఎంత గాలి బయటికి పోతుందో అంత గాలి లోపలికి రావాలి కాబట్టి, స్నానాల గది తలుపు కింద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల సందు ఉండనివ్వాలి. మంట ఉండే గదిలోని గాలి దారుల్లాగే ఈ సందునూ మూయకూడదు.

ఇంట్లో పెద్దవారున్నారు. వారికోసం చేసే మార్పులు ఇంటిని ఆసుపత్రిలా చేస్తాయని భయం.

అలా చేయనవసరం లేదు. నేల నుంచి 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో మెట్లకు కమ్మీ, మెట్టు అంచు స్పష్టంగా కనిపించేలా వేరే రంగు గీత, రాత్రి పడకగది నుంచి స్నానాల గది దాకా చిన్న దీపాలు, గుండ్రటి పిడి బదులు మీటలాంటి పిడి ఉంటే చాలు. చంటిబిడ్డను ఎత్తుకున్నవారికీ, చేతినిండా సంచులున్నవారికీ ఇవే ఉపయోగపడతాయి. స్నానాల గదిలో పట్టుకునే కమ్మీని గోడలోని గట్టి భాగానికి లోతైన బోల్టులతో బిగించాలి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువును మోయలేదు.

ఏ రంగులు వేస్తే అమ్మకానికి మంచిది?

వెలుతురును తిప్పి ఇచ్చే లేత రంగులు. తెలుపుకు కాస్త పసుపో బూడిదో కలిసిన ఛాయలు ఎవరి సామానుతోనైనా కుదురుతాయి. గదికొక రంగు వేయడం కన్నా ఒకే ఛాయ ఇల్లంతా సాగితే చిన్న ఇల్లు విశాలంగా తోస్తుంది. ఈ ఇంట్లో ఇంకా పదేళ్లు ఉండదలచినవారు మాత్రం కొనబోయేవారి అభిరుచిని ఊహించి రంగు వేసుకోవడం నాకు అర్థం లేని త్యాగంగా కనిపిస్తుంది. రంగు మార్చడం తేలిక.

నునుపైన గోడ మీద ఒక లీటరు రంగు ఒక పూతకు 10 నుంచి 12 చదరపు మీటర్ల దాకా వస్తుంది. పాత ఇళ్లలోని రంగు పొరల్లో సీసం ఉండవచ్చు కనుక వాటిని పొడిగా రుద్ది దుమ్ము లేపకూడదు, ముఖ్యంగా చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో. అలాగే పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండే అవకాశం ఉంది. వాటిని కోయడం, రంధ్రాలు చేయడం మానుకోవాలి.

కరెంటు పనుల్లో తప్పనిసరిగా చేయించవలసినవి ఏవి?

ఎర్తింగ్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించడం, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ బిగించడం. ఇవి గోడ మీద అందంగా కనిపించవు, కానీ ప్రాణాలు కాపాడేవి ఇవే. ఆర్‌సీసీబీ మీద ఉండే పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి పనిచేస్తోందో చూసుకోవాలి. వేడెక్కే ప్లగ్గులు, నొక్కితే చిటపటలాడే స్విచ్‌లు వెంటనే మార్పించాలి. ఈ పనులు అనుభవం, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

ఇంటి ముందు భాగానికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలి?

ఖర్చుతో పోలిస్తే చాలా ఎక్కువ. చూడవచ్చినవారు గేటు దగ్గర నిలబడిన నిమిషంలోనే ఒక అభిప్రాయానికి వస్తారు, లోపల చూసేదంతా దానికి సాక్ష్యంగా వెతుక్కుంటారు. గేటు కీచుమనకుండా నూనె, తుప్పు గీకి రంగు, దూరం నుంచి చదవగలిగే ఇంటి నంబరు, ప్రధాన ద్వారానికి కొత్త పాలిష్, పనిచేసే కాలింగ్ బెల్, మనిషి కదలికను పసిగట్టి వెలిగే దీపం. ఆ దీపం వెలుగు కిందికి, నడిచే దారి మీదికి పడాలి తప్ప వచ్చినవారి కళ్లలోకి, పొరుగింటి పడకగదిలోకి కాదు.

గేటు నుంచి గుమ్మం దాకా ఉండే బాట ఇద్దరు పక్కపక్కన నడిచేలా 1.2 మీటర్ల వెడల్పు ఉంటే బాగుంటుంది. గచ్చు ఖరీదు అనుకుంటే కంకర బాట వేసుకోవచ్చు. నేలను బాగా దిమ్మిస కొట్టి, నీరు ఇంకే గుడ్డపొర పరచి, అంచులకు ఇటుకలు పాతి, ఐదు సెంటీమీటర్ల మందాన కంకర పరచాలి. అంచు కట్టని కంకర ఏడాదిలో పెరడంతా చెల్లాచెదరవుతుంది. చక్రాల కుర్చీ, పిల్లల బండి నడిచే దారికి మాత్రం కంకర పనికిరాదు.

పెరడులో తక్కువ ఖర్చుతో మొదట ఏమి చేయాలి?

మొక్కలు కొనడం కాదు, ఉన్నవాటిని చూడడం. ఎండు కొమ్మలు తీసి, అడ్డదిడ్డంగా పెరిగిన వాటిని ఆకారానికి తెచ్చి, కలుపు పీకి, పాదుల అంచులు పారతో చక్కగా కోస్తేనే పెరటి రూపు మారుతుంది. ఆ తరువాత ఎండుటాకులు, చెక్కపొట్టు, గడ్డి వంటివి ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల మందాన పాదుల్లో పరచండి. నేలలో తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, కుళ్లిన కొద్దీ మట్టి బాగుపడుతుంది. చెట్టు మొదలు చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలాలి. మొదలుకు ఆనించి గుట్టగా పోస్తే బెరడు కుళ్లుతుంది.

చెట్టు నాటేటప్పుడు మొక్క ఇప్పుడున్న ఎత్తును కాక, పూర్తిగా పెరిగిన తరువాత ఉండే విస్తారాన్ని చూడాలి. పెద్దగా పెరిగే రకాలను గోడకు 6 మీటర్ల లోపు నాటకపోవడం మంచిది. కరెంటు తీగల కింద, మురుగు గొట్టాల మీద నాటకూడదు. వేళ్లు గట్టి గొట్టాన్ని పగలగొట్టడం అరుదు, కానీ అతుకు కారుతున్న గొట్టాన్ని వెతుక్కుంటూ వచ్చి లోపలికి చొరబడతాయి.

వాన నీటిని పట్టుకోవడం గురించి కూడా ఆలోచించాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన కురిస్తే 1000 లీటర్లు, కొంత వృథా పోయినా 800 లీటర్లకు తగ్గదు. ఒక పీపా, దానికి దోమలు దూరని జాలీ మూత, నిండినప్పుడు పొంగే నీరు ఇంటికి దూరంగా పోయే గొట్టం ఉంటే మొక్కలకు చాలా రోజులు సరిపోతుంది.

అమ్మకం దృష్టితో చూసినా, పెరట్లో కూర్చోవడానికి నీడ ఉన్న ఒక చోటు కల్పించడం పది రకాల పూలమొక్కలకన్నా విలువైనది. చదును చేసిన నేల, నాలుగు స్తంభాల పందిరి, ఒక తీగ చాలు. వచ్చినవారు అక్కడ తామే కూర్చున్నట్టు ఊహించుకోగలగాలి.

పచ్చిక వేయాలా?

నీరు సమృద్ధిగా ఉండి, కోయడానికి ఓపిక ఉంటేనే. ఎండిపోయిన పచ్చిక, అసలు లేని పచ్చిక కన్నా అధ్వానంగా కనిపిస్తుంది.

ఏ పనులకు పెట్టిన డబ్బు సాధారణంగా తిరిగి రాదు?

చుట్టుపక్కల ఇళ్ల స్థాయిని దాటి చేసే ఖరీదైన హంగులు మొదటివి. వీధిలో ఇళ్లు పలికే ధరలకు ఒక పైకప్పు లాంటి పరిమితి ఉంటుంది. ఒకే ఇంట్లో పాలరాయి పరిచినంత మాత్రాన ఆ పరిమితి పెద్దగా లేవదు. ఈతకొలను, గోడకు కట్టేసిన అలంకార సామగ్రి, ఒకరి అభిరుచికే నప్పే పలకలు కూడా ఈ కోవలోనివే. రెండు పడకగదులను కలిపి ఒక పెద్ద గది చేయడం, వాహనం నిలిపే చోటును గదిగా మార్చడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే కొనేవారు ముందు లెక్కపెట్టేది గదులనే.

అనుమతి లేకుండా చేసిన నిర్మాణం అన్నిటికన్నా చెడ్డది. గోడ జరపడం, అంతస్తు పెంచడం, ప్రహరీ ఎత్తు పెంచడం వంటివాటికి స్థానిక సంస్థ నియమాలు ముందే తెలుసుకోవాలి. కాగితాల్లో లేని గది అమ్మకం వేళ విలువ పెంచకపోగా, బేరం చెడగొడుతుంది.

సొంతంగా ఏవి చేసుకోవచ్చు? పనివారితో ఎలా మాట్లాడుకోవాలి?

రంగు, రబ్బరు పట్టీలు, పిడులు, వాషర్లు, తోటపని సొంతంగా చేసుకోదగినవి. కరెంటు, గ్యాసు, ఇంటి బరువు మోసే గోడలు, ఎత్తైన పైకప్పు మీది పని నిపుణులకు వదలాలి.

పనివారిని పెట్టుకుంటే కనీసం ఇద్దరు ముగ్గురి దగ్గర అంచనా తీసుకోండి, అయితే అందరికీ ఒకే పనిని ఒకే కొలతలతో రాసి ఇవ్వండి. అలా ఇవ్వకపోతే ఎవరి అంచనాను ఎవరిదానితోనూ పోల్చలేరు. ఎన్ని పూతలు, ఏ రకం సామగ్రి, చెత్త ఎవరు తీస్తారు, ఎప్పటికి పూర్తవుతుంది అన్నవి కాగితం మీద ఉండాలి. డబ్బు పని జరిగిన మేరకు విడతలుగా ఇచ్చి, చివరి విడతను అన్నీ చూసుకున్నాకే ఇవ్వాలి. పాత ఇల్లు అయితే గోడ తెరిచాక బయటపడే కొత్త పనుల కోసం అంచనాకు పదిహేను శాతం దాకా అదనంగా పక్కన పెట్టుకోవడం వివేకం. పలకలు కొన్నప్పుడు కోతల్లో పోయేవాటికి పది శాతం ఎక్కువ తీసుకుని, మిగిలినవాటిని దాచండి. ఐదేళ్ల తరువాత ఒక పలక పగిలితే అదే ఛాయ బజారులో దొరకడం కష్టం.

అమ్మాలనుకుంటే ఎంత ముందుగా సిద్ధం కావాలి, ఏ కాగితాలు ఉంచుకోవాలి?

చెమ్మకు, పైకప్పుకు సంబంధించిన మరమ్మతులు కనీసం ఒక వానాకాలం ముందు పూర్తి కావాలి. వాన తట్టుకుని నిలిచిన మరమ్మతును చూపించగలిగితే కొనేవారికి నమ్మకం కలుగుతుంది. నిన్న పూసిన రంగు వాసన వారిలో అనుమానమే పెంచుతుంది. మొక్కలు కుదురుకోవడానికి ఏడాది, తీగ పందిరెక్కడానికి అంతకన్నా కాస్త ఎక్కువ పట్టవచ్చు. రంగు, శుభ్రత, సామాను సర్దడం చివరి నెలలో చేసుకోవచ్చు.

గోడలు, గచ్చు మూసేముందు లోపలి గొట్టాలకు, తీగలకు కొలబద్ద ఆనించి ఫోటోలు తీయండి. రసీదులు, హామీ పత్రాలు, వాడిన రంగుల సంకేత సంఖ్యలు, పైకప్పు పూత వేసిన తేదీ, ఎర్తింగ్ పరీక్ష నివేదిక, అనుమతి పత్రాలు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, ఇల్లు చూడవచ్చినవారు అడగకముందే వారి చేతికి ఇవ్వండి. గతంలో వచ్చిన చెమ్మను దాచకుండా, ఎక్కడ వచ్చింది, ఏమి చేయించారు, ఎప్పుడు చేయించారు అన్నది కూడా ఆ ఫైలులోనే రాసి ఉంచండి.